‘హిమ్‌సెల్ఫ్ హోర్స్’ తప్పు వాక్యం కాదు

సంపాదకులకు నమస్కారం.

‘హి షౌటెడ్ హిమ్‌సెల్ఫ్ హోర్స్’ (అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకున్నాడు) అన్న వాక్యం తప్పో ఒప్పో చెప్పమంటే, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చాలామంది తప్పని కొట్టేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. చేసేవాడూ, ఆ పని తగిలేవాడూ ఒకరే అయితే రిఫ్లెక్సివ్ ప్రొనౌన్ (‘హిమ్‌సెల్ఫ్’, ‘మైసెల్ఫ్’ లాంటి మాట) వాడాలన్న ఒక్క సూత్రమే వాళ్లకు నేర్పాం. తనను తాను అరవడమేమిటని వాళ్ల సందేహం.

తిరుపతి బస్టాండులో ‘కాణిపాకం, కాణిపాకం’ అని పొద్దున్నుంచీ పిలిచే మనిషి గురించి మనం ‘అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది’ అంటాం. అరిచింది మనిషి, బొంగురుపోయింది గొంతు. క్రియలు రెండు, కర్తలూ రెండే. ఇంగ్లీషులో క్రియ ఒకటే ఉంటుంది, ఫలితాన్ని విశేషణం చెబుతుంది. ఆ ఫలితం ఎవరికి తగిలిందో చూపడానికి మధ్యలో ఒక కర్మ కావాలి. ‘షౌట్’ మామూలుగా మనిషిని కర్మగా తీసుకోదు. అందుకే అక్కడ ‘హిమ్‌సెల్ఫ్’ వచ్చి కూర్చుంటుంది.

దీన్ని గుర్తుపట్టడం సులువు. విశేషణం తీసేసి చూడండి. ‘హి హర్ట్ హిమ్‌సెల్ఫ్’ నిలుస్తుంది, ‘హి షౌటెడ్ హిమ్‌సెల్ఫ్’ నిలవదు. పోనీ ‘హిమ్‌సెల్ఫ్’ తీసేసి ‘హి షౌటెడ్ హోర్స్’ అందామా అంటే అదీ కుదరదు. రెండూ జంటగానే రావాలి. ‘హి కన్సిడర్స్ హిమ్‌సెల్ఫ్ లక్కీ’ పైకి ఇలాగే కనిపించినా దాని దారి వేరు. అక్కడ ‘హిమ్‌సెల్ఫ్’ బదులు ‘హర్’ పెట్టినా వాక్యం చెల్లుతుంది. ‘షౌటెడ్ హర్ హోర్స్’ చెల్లదు.

ఎక్కువమంది జారిపడేది ‘హోర్స్‌లీ’ దగ్గర. క్రియ తరవాత క్రియావిశేషణమే రావాలనుకుని ‘లీ’ తగిలిస్తారు. అప్పుడు అర్థమే మారిపోతుంది. గరుడసేవ నాడు భక్తులు ‘షౌటెడ్ హోర్స్‌లీ’ అంటే వాళ్లు బొంగురు గొంతుతోనే అరిచారని. ‘షౌటెడ్ దెమ్‌సెల్వ్స్ హోర్స్’ అంటే గోవిందా గోవిందా అని అరిచినందువల్ల గొంతు బొంగురుపోయిందని. ఒకటి తీరు, రెండోది ఫలితం.

ఏ క్రియకు ఏ విశేషణం అన్న జంటలు చాలావరకు వాడుకలో స్థిరపడ్డవే: ‘లాఫ్’కు ‘సిల్లీ’, ‘వర్రీ’కీ ‘ఈట్’కీ ‘సిక్’. ‘వర్క్’ అయితే విశేషణం బదులు ‘టు డెత్’, ‘క్రై’ అయితే ‘టు స్లీప్’ తెచ్చుకుంటాయి. తోచిన విశేషణమల్లా అతికిస్తే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

అన్ని చోట్లా ‘సెల్ఫ్’ తగిలించడమూ తప్పే. ‘ది డోర్ స్వంగ్ ఓపెన్’ అన్నప్పుడు కదిలిందీ, తెరుచుకుందీ తలుపే కాబట్టి దాని అవసరం లేదు. ‘ఐ ఫీల్ మైసెల్ఫ్ టైర్డ్’ అనకూడదు, ‘ఐ ఫీల్ టైర్డ్’ చాలు. ఇంటర్వ్యూలో ‘మైసెల్ఫ్ రమేష్’ అని మొదలుపెట్టే అలవాటు కూడా మానాలి, ‘ఐ యామ్ రమేష్’ అంటే సరిపోతుంది.

మీ పోటీ పరీక్షల పేజీలో ఇలాంటి వాక్యాలు వారానికి ఐదు చొప్పున, పక్కనే తెలుగు వాక్యంతో వేయాలని కోరుతున్నాం. పిల్లలకు ఆనవాలు తెలుగులోనే దొరుకుతుంది. ‘తిని తిని కడుపు చెడగొట్టుకున్నాడు’లో ‘తిని తిని’ అన్న రెట్టింపు అతిని చెబుతోంది, ‘కున్నాడు’ ఆ ఫలితం తనకే తగిలిందని చెబుతోంది. ‘హి ఏట్ హిమ్‌సెల్ఫ్ సిక్’లో ‘హిమ్‌సెల్ఫ్’ చేసే పని ఈ ‘కున్నాడు’దే.

– ఆంగ్ల అధ్యాపకులు, తిరుపతి