చార్జింగ్ వేగంతో పాటు బ్యాటరీ ఆయుష్షు గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ కారు గానీ కొత్తది వచ్చినప్పుడు పత్రికల్లో వచ్చే సమీక్షల్లో బ్యాటరీకి దక్కేది ఒక్క వాక్యం. ఇన్ని ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే చార్జి కొలత), ఇన్ని వాట్ల ఫాస్ట్ చార్జింగ్, ఇన్ని నిమిషాల్లో ఫుల్. అక్కడితో సరి. మూడో ఏడు ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో తేల్చేది మాత్రం ఆ బ్యాటరీయే. ప్రాసెసర్, మెమరీ అంత త్వరగా అరగవు. వాడినా అరిగేది, వాడకుండా సొరుగులో పెట్టినా అరిగేది బ్యాటరీ. మీ టెక్నాలజీ పేజీలో దానికి ఇంకాస్త చోటు ఇవ్వాలని కోరుతూ, ఏయే వివరాలు రాస్తే పాఠకులకు నిజంగా పనికొస్తాయో ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా, ఇప్పటికీ చెలామణిలో ఉన్న ఒక పాత సలహాను మాన్పించాలి. 'సున్నాకు వచ్చేదాకా వాడి, అప్పుడు నూటికి నూరు శాతం ఎక్కించాలి' అన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. వాటికి మెమరీ ఎఫెక్ట్ అనే జబ్బు ఉండేది, అంటే పూర్తిగా ఖాళీ కాకుండా పదేపదే ఎక్కిస్తే సామర్థ్యం తగ్గినట్టు కనిపించేది. సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి ఆ జబ్బు లెక్కలోకి వచ్చేంతగా లేదు. పైగా సున్నాకు దించడమూ, నూరు దగ్గర గంటల తరబడి నిలబెట్టడమూ రెండూ దానికి చేటే. కొంచెం కొంచెంగా ఎక్కించుకుంటే 'సైకిల్' వృథా అవుతుందనే భయమూ అక్కర్లేదు. ఈరోజు 50 శాతం, రేపు 50 శాతం ఎక్కిస్తే రెండూ కలిపి ఒక్క సైకిల్ కిందే లెక్క.

నూరు శాతం దగ్గర ఏం జరుగుతుందో చెబితే మిగతాది పాఠకులకు తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు లిథియం అయాన్ సెల్ నిండినప్పుడు దాని వోల్టేజి 4.2, కొన్ని ఫోన్లలో 4.4 దాటుతుంది. 80 శాతం దగ్గర అది సుమారు 4 వోల్టులు. ఈ చిన్న తేడాయే చాలా ముఖ్యం. వోల్టేజి పెరిగేకొద్దీ లోపల లిథియంను మోసే ద్రవం (ఎలక్ట్రోలైట్) విచ్ఛిన్నమయ్యే వేగం పెరుగుతుంది. నెగటివ్ ధ్రువంగా పనిచేసే గ్రాఫైట్ మీద ఉండే పలుచని పొర మందమవుతూ, ప్రయాణించాల్సిన లిథియంను తనలో ఇరికించేసుకుంటుంది. అలా ఇరుక్కున్న లిథియం మళ్లీ తిరిగి రాదు. దీనికి వేడి తోడైతే నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. కాబట్టి 'రాత్రంతా చార్జింగ్ పెడితే ఓవర్ చార్జ్ అయి పేలుతుంది' అని భయపెట్టనక్కర్లేదు. నిండగానే ఫోనే కరెంటు ఆపుకుంటుంది. అసలు నష్టం, నిండిన తర్వాత పరుపు మీదో దిండు కిందో వెచ్చగా ఆరేడు గంటలు 100 దగ్గర పడి ఉండటం. దీనికి మందు ఫోన్లోనే ఉంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగంలోకి వెళ్తే చాలా ఫోన్లలో 80 శాతం దగ్గర ఆపే ఆప్షనో, నిద్ర లేచే వేళకు మాత్రమే నింపే అడాప్టివ్ చార్జింగో కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లలో ఇది కంపెనీ ఇచ్చిన యాప్‌లోనో, ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే తెరవగలిగే బయోస్ సెట్టింగ్స్‌లోనో ఉంటుంది. రోజంతా ప్లగ్గులోనే ఉండే ల్యాప్‌టాప్‌కు 60 శాతం హద్దు పెట్టినా తప్పు లేదు. నెలల తరబడి 100 దగ్గర, వేడిగా ఉండిపోయిన ల్యాప్‌టాప్ బ్యాటరీ లోపల గ్యాస్ చేరి ఉబ్బవచ్చు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపించినా, క్లిక్ బిగుసుకుపోయినా అనుమానించాల్సింది దీన్నే. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ చార్జ్ చేయకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ఆ వస్తువును ఆపేసి, మండే సామాను దగ్గర లేకుండా చూసి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించాలి.

వేడి విషయంలో ఇంకొక్క మాట. చాలా ఫోన్ల మాన్యువల్లో వాడకానికి 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత అని రాసి ఉంటుంది. కారు అద్దం దగ్గర ఎండలో, వైర్‌లెస్ చార్జర్ మీద, మ్యాప్ నడుస్తూ ఉన్న ఫోన్‌కు వేడి మూడు వైపుల నుంచి తగులుతుంది. అలాంటప్పుడు ఫోన్ చార్జింగ్ ఆపేసినా, తెర వెలుగు తగ్గించేసినా అది లోపం కాదు, తనను తాను కాపాడుకుంటోంది. హోల్డర్‌ను ఏసీ గాలి వచ్చే చోటికి మార్చి, వైర్‌లెస్ బదులు కేబుల్ పెడితే సమస్య చాలావరకు పోతుంది. మరీ చలిలోనూ జాగ్రత్త అవసరమే. సున్నా డిగ్రీలకు దిగువన చార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్‌లోకి చొరబడలేక లోహంగా పైనే పేరుకుపోతుంది. ఆ నష్టం శాశ్వతం.

పాత ఫోన్ 25 శాతం చూపిస్తూనే ఠక్కున ఆరిపోవడం చాలామందికి అంతుపట్టదు. బ్యాటరీ వయసు పెరిగితే సామర్థ్యం తగ్గడమే కాదు, లోపలి నిరోధమూ పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట కాల్ చేసినప్పుడో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి కుంగిపోయి ఫోన్ ఆగిపోతుంది. దీన్ని తప్పించడానికే ఆపిల్ పాత ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గించింది. ఆ సంగతిని 2017 డిసెంబరులో అంగీకరించి, 2018లో బ్యాటరీ హెల్త్ వివరాలను సెట్టింగ్స్‌లో పెట్టింది. 'ఫోన్ నెమ్మదించింది, కొత్తది కొనాలి' అనుకునేవారు ముందు ఆ పేజీ చూడాలి. సామర్థ్యం 80 శాతం కంటే దిగువకు వస్తే బ్యాటరీ మార్పిస్తే చాలు. మార్పించేటప్పుడు నీళ్లు చొరబడకుండా ఉండే జిగురు గ్యాస్కెట్ కూడా కొత్తది వేయమని అడగాలి. పాతదాన్నే అతికిస్తే నీరు, దుమ్ము చొరబడవని చెప్పే ఐపీ68 రేటింగ్ ఆ రోజు నుంచి కాగితం మీదే.

ఇక ఎంఏహెచ్ సంగతి. ఈ అంకెతో రెండు వస్తువులను పోల్చాలంటే వోల్టేజి కూడా తెలియాలి. అందుకే ఎంఏహెచ్‌ను వోల్టేజితో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వచ్చే వాట్ అవర్ చెప్పడం మేలు. 3.85 వోల్టుల దగ్గర 5000 ఎంఏహెచ్ ఫోన్ అంటే 19.25 వాట్ అవర్లు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌ను 3.7తో హెచ్చిస్తే 37 వాట్ అవర్లు. వోల్టేజి మార్చడంలో, వేడిలో కొంత పోతుంది కాబట్టి అది ఈ ఫోన్‌ను రెండుసార్లు నింపదు, ఒకటిన్నర సార్లు నింపుతుంది. ఇది మోసం కాదు, లెక్కే అంత. విమానంలో అనుమతి కూడా 100 వాట్ అవర్ల హద్దు మీదే ఆధారపడి ఉంటుంది. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు.

అందరినీ అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టేది టైప్-సి కేబుల్. ఆకారం ఒకటే, లోపలి సరుకు వేరు. మామూలు సి-టు-సి కేబుల్ మోసేది 3 ఆంపియర్లు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 5 ఆంపియర్లు మోయాలంటే కేబుల్ కొనలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. చార్జర్ ఆ చిప్‌ను పలకరించి, జవాబు వస్తేనే ఎక్కువ కరెంటు ఇస్తుంది. అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉండే చార్జింగ్ ప్రమాణం యూఎస్‌బీ పవర్ డెలివరీ. 2021లో వచ్చిన దాని 3.1 రూపం ప్రకారం 48 వోల్టుల వరకు వెళ్లి 240 వాట్లు ఇవ్వవచ్చు. కాబట్టి 100 వాట్ల చార్జర్ కొన్నా ల్యాప్‌టాప్ 60 దగ్గరే ఆగిపోతుంటే తప్పు చార్జర్‌ది కాకపోవచ్చు, కేబుల్ మార్చి చూడాలి. కంపెనీలు సొంతంగా చేసుకున్న ఫాస్ట్ చార్జింగ్ పద్ధతులకు వాటి చార్జరూ వాటి కేబులూ రెండూ కావాలి. బయటి చార్జర్ పెడితే వేగం బాగా పడిపోతుంది. ఏ ఫోన్ సమీక్షలోనైనా 'మామూలు పవర్ డెలివరీ చార్జర్‌తో ఎన్ని వాట్లు తీసుకుంటుంది' అన్న అంకె ఉండాలి. పాఠకుడి ఇంట్లో ఉండేది ఎక్కువగా ఆ చార్జరే.

కేబుల్ లావుగా ఉంటే డేటా కూడా వేగంగా పోతుందనుకోవడమూ పొరపాటే. చార్జింగ్ కోసం అమ్మే కేబుళ్లలో చాలావాటి డేటా వేగం యూఎస్‌బీ 2.0దే, అంటే సెకనుకు 480 మెగాబిట్లు. ఆచరణలో సెకనుకు 40 మెగాబైట్లు వస్తే గొప్ప. 50 గిగాబైట్ల వీడియోలు కాపీ కావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అదే 10 గిగాబిట్ల కేబుల్, రెండు వైపులా దానికి తగిన పోర్టులు, స్టోరేజి ఉంటే రెండు నిమిషాల్లోపే పని అయిపోతుంది.

కొన్ని చిన్న వస్తువులు, అంటే ట్రిమ్మర్లు, చేతి లైట్లు, చిన్న ఫ్యాన్లు సి-టు-సి కేబుల్‌తో అసలు చార్జే కావు. పాత తరహా ఎ-టు-సి కేబుల్‌తో మాత్రం చక్కగా అవుతాయి. చెడిపోయిందనుకుని పారేసేవారున్నారు. నిజానికి చార్జర్‌కు 'నేనిక్కడున్నాను' అని చెప్పే 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఆ వస్తువులోని పోర్టు దగ్గర ఉండాలి. తయారీదారు అవి వేయకుండా వదిలేస్తే, సి-రకం చార్జర్ అక్కడ ఏమీ లేదనుకుని కరెంటే ఇవ్వదు. అతి చిన్న భాగాన్ని మిగుల్చుకోబోయి కొనేవాడికి ఎప్పటికీ ఒక పాత కేబుల్ అంటగట్టడం అన్యాయం. సమీక్షకులు ఒక్క నిమిషంలో దీన్ని పరీక్షించి రాయగలరు. రాయాలి కూడా. ఇక ఫోన్లో కేబుల్ వదులుగా ఊగుతుంటే పోర్టు పోయిందని తేల్చేయకుండా ముందు లోపలికి టార్చి వేసి చూడాలి. జేబులోని నూగు గట్టిపడి అడుగున పేరుకుని ఉంటుంది. ఫోన్ ఆపి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే మళ్లీ బిగుతుగా కూర్చుంటుంది. పిన్నీసు, సూది వాడకూడదు.

కార్ల గురించి రాసేటప్పుడూ ఇదే లోటు. బానెట్ కింద ఉండే 12 వోల్టుల బ్యాటరీని అది మొరాయించే రోజు వరకు ఎవరూ పట్టించుకోరు. ఒక చిన్న మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, బండి ఆపిన కొన్ని గంటల తర్వాత చూస్తే దాని ఆరోగ్యం తెలుస్తుంది. 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 దగ్గర ముప్పాతిక, 12 దగ్గర దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దాటకపోతే ముందు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును చూపించాలి, బ్యాటరీని తిట్టి లాభం లేదు. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో స్టార్టర్ వాడుకున్నది తిరిగి నిండే వీలుండదు. సగం ఖాళీగా ఉండిపోయిన లెడ్ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం పోతుంది. బండి ఆపి ఉన్నప్పుడూ రికార్డు చేసే పార్కింగ్ మోడ్‌లో డ్యాష్‌కామ్ ఉంటే, అది తనంతట ఆగిపోయే కటాఫ్‌ను 12.2 వోల్టుల దగ్గర పెట్టడం మంచిది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట ఆగే స్టార్ట్-స్టాప్ బండికి పదేపదే స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం లెడ్ బ్యాటరీయే వేయాలి, మామూలుది వేస్తే త్వరగా చస్తుంది. తీసేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఈ వరుస తప్పితే స్పానర్ పాజిటివ్‌కూ బండి బాడీకీ మధ్య ఆనినప్పుడు పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. జంపర్ కేబుళ్లతో స్టార్ట్ చేసేటప్పుడు కూడా చివరి నెగటివ్ క్లిప్పును ఆగిపోయిన బండి ఇంజిన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా పెట్టాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, నిప్పురవ్వ అక్కడ పడకూడదు.

ఎలక్ట్రిక్ కార్లలోనూ చాలావాటిలో ఈ 12 వోల్టుల బ్యాటరీ ఉంటుందని, అది పోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదని కొనేవారికి ముందే చెప్పాలి. పెద్ద ప్యాక్‌ను బండికి కలిపే పెద్ద స్విచ్చులను (కాంటాక్టర్లను) కలపడానికి కావాల్సిన కరెంటు ఈ చిన్న బ్యాటరీదే. పెద్ద ప్యాక్ ఏ రకమో కూడా సమీక్షలో ఉండాలి, ఎందుకంటే వాడే పద్ధతి మారిపోతుంది. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండే) రకమైతే రోజువారీకి 80 శాతం చాలు, దూర ప్రయాణం ముందు రోజే నింపాలి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకంలో వోల్టేజి మధ్యలో చాలాసేపు ఒకేచోట ఉండటంతో ఎంత మిగిలిందో కంప్యూటర్‌కు సరిగా అందదు. అందుకే దాన్ని వారానికోసారైనా 100 వరకు నింపమని చాలామంది తయారీదారులు చెబుతారు. ఫోన్‌కు చెప్పిన సూత్రాన్నే దీనికీ పట్టిస్తే, 15 శాతం ఉందనుకున్న బండి దారిలో ఆగిపోవచ్చు.

యూరోపియన్ యూనియన్ ఈ విషయంలో నిబంధనలే పెట్టింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే కొత్త ఫోన్ల బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఆ మోడల్ అమ్మకం ఆగిపోయాక 7 ఏళ్లు విడిభాగాలు దొరకాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లోని బ్యాటరీలను, కొన్ని మినహాయింపులతో, వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి. అంటే ఈ అంకెలు కంపెనీల దగ్గర ఉన్నాయి, అడిగితే చెప్పగలరు. మీ సమీక్షకులు ప్రతి ఫోన్‌కూ నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు అచ్చువేయాలని నా విన్నపం: 80 శాతానికి దిగేలోపు ఎన్ని సైకిళ్లు? సామర్థ్యం ఎన్ని వాట్ అవర్లు? మామూలు పవర్ డెలివరీ చార్జర్‌తో ఎన్ని వాట్లు? బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు ఎన్నేళ్ల వరకు దొరుకుతాయి? కంపెనీ జవాబు ఇవ్వకపోతే 'జవాబు ఇవ్వలేదు' అని ఆ గడిలో వేయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు