ఈ ఆదివారం పాత చక్రాలతోనే వెళ్ళు

నాన్నా,

నువ్వు కొన్న సైకిల్ చక్రాలకి ట్యూబులర్లు, అంటే రిమ్‌కి జిగురుతో అంటించే టైర్లు, ఎక్కించే సంగతి మాట్లాడుతూ నిన్న రాత్రి ఫోన్లో "ఇప్పుడు అంటించేస్తే ఆదివారం రేసుకి ఆరిపోతుంది కదమ్మా" అన్నావు. ఆరదు. ఆ మాట ఫోన్లోనే చెప్పేదాన్ని, కానీ వెంటనే "ఎందుకు ఆరదు, జిగురే కదా" అంటావు. నీ సంగతి నాకు తెలీదా! అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆదివారం పాత చక్రాలతోనే వెళ్ళు. ట్యూబులర్లు వచ్చే వారానికి.

నా ఎడమ మోచేతి మీద మచ్చ ఉంది చూడు. చిన్నప్పుడు నువ్వు దాని మీద వేలు పెట్టి ఎలా వచ్చిందని అడిగితే సైకిల్ మీంచి పడ్డానని చెప్పేదాన్ని. అది సగం మాటే. రేసు ముందు రోజు సాయంత్రం కొత్త అల్యూమినియం రిమ్ మీద ఒక్క పూత రాసి, టైరు ఎక్కించి, గాలి కొట్టి పడుకున్నాను. మూడో చుట్టులో ఎడమ మలుపు దగ్గర వంగగానే ముందు టైరు రిమ్ మీంచి పక్కకి దొర్లిపోయింది. చప్పుడేమీ లేదు. హ్యాండిల్ ఒక్కసారి చేతిలోంచి తేలికైపోయినట్టు అనిపించింది, అంతే. తర్వాత మీ నాన్న ఆ టైరు తిరగేసి చూపించారు. అడుగు పట్టీ కొత్త బట్టలా తెల్లగా ఉంది. రిమ్‌కి రాశానే గానీ టైరుకి రాయనేలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మామూలు టైరుకి రెండు అంచుల్లో గట్టి తీగలుంటాయి. గాలి కొట్టగానే అవి రిమ్ అంచుల కింద పట్టుకుంటాయి. ట్యూబులర్‌కి ఆ తీగల్లేవు. లోపలి ట్యూబు చుట్టూ టైరుని మడిచి కుట్టేస్తారు, కుట్టు మీద ఒక పట్టీ అంటిస్తారు. రిమ్ పైభాగం కూడా లోతు తక్కువ కాలువలా ఉంటుంది, పట్టుకునే అంచే ఉండదు. గాలి ఒత్తిడికి టైరు రిమ్‌ని కొంత బిగించి పట్టుకుంటుంది, నిజమే. కానీ మలుపులో పక్కకి తోసే బలానికి అది చాలదు. అక్కడ కాపాడేది జిగురే.

ఇంత గొడవ ఎందుకంటావా? అంచులు లేని రిమ్ తేలిగ్గా ఉంటుంది. గుంటలో పడ్డప్పుడు ట్యూబుని రెండుచోట్ల కొరికే పదునైన అంచు ఉండదు. బాగా అంటించిన టైరు, గాలి పోయినా రిమ్ మీదే ఉంటుంది కాబట్టి మెల్లగా ఆగొచ్చు. ఇక దాని మీద సవారీ హాయి! మంచి నూలు టైరు మీద ఒక్కసారి తిరిగితే నీకే తెలుస్తుంది. అయినా ఇప్పుడు ట్యూబ్‌లెస్ టైర్లు చాలా బాగుపడ్డాయి. నువ్వు ఆ చక్రాలు కొనకముందు అడిగుంటే వద్దనేదాన్నేమో. కొన్నాక ఇంకేం, అంటించడం నేర్చుకో.

టైరు ఎంచుకునేటప్పుడు బొమ్మ చూసి మోసపోకు. నూలు పోగులతో నేసిన టైరు మెత్తగా వంగుతుంది, రోడ్డు గరుకుదనం చేతులకి తక్కువ తెలుస్తుంది. పట్టువి ఇంకా నాజూకు, అవి ఎక్కువగా ట్రాక్ రేసులకే. నూలుకి తడి పడదు, పక్కగోడల మీది పూత పోతే పోగులు కుళ్ళుతాయి. నైలాన్, పాలిస్టర్ టైర్లు కొంచెం బిరుసుగా ఉన్నా మొండిగా తట్టుకుంటాయి. మొదటి జత అదే తీసుకో. లోపల ట్యూబు లేటెక్స్ (సహజ రబ్బరు) అయితే రాత్రికి రాత్రే గాలి దిగుతుంది, పంక్చర్ అయిందని టెన్షన్ పడకు. బ్యూటైల్ (కృత్రిమ రబ్బరు) అయితే గాలి నిలుస్తుంది. ఎవరైనా పాత టైరు చవగ్గా ఇస్తానంటే ముందు పక్కగోడని వేళ్ళ మధ్య వంచి చూడు. సన్నటి పగుళ్ళు కనిపిస్తే దండం పెట్టి వచ్చెయ్.

ఇప్పుడు అంటించడం. కొత్త టైరు బిగుతుగా ఉంటుంది. జిగురు లేకుండానే రిమ్ మీదికి ఎక్కించి, గాలి బాగా కొట్టి ఒక రోజు వదిలెయ్. సాగుతుంది. ఈ పని మానేస్తే జిగురు పూసిన టైరుతో కుస్తీ పట్టాల్సొస్తుంది, ఒళ్ళంతా జిగురే.

కొత్త అల్యూమినియం రిమ్ మీద తయారీ నూనె ఉంటుంది. అసిటోన్‌తో, నూలు పోగు రాలని గుడ్డతో, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడువు. కార్బన్ రిమ్ అయితే రిమ్ తయారుచేసినవాళ్ళు ఏది వాడమన్నారో అదే వాడు, జిగురు కూడా కార్బన్‌కి సరిపడేది చూసి కొను. నీ చక్రాలు సెకండ్‌హ్యాండ్ అన్నావు కదా, దాని మీద ఎవరు ఏ జిగురు రాశారో తెలీదు. మొత్తం తీసేసి మొదలుపెట్టు. విసుగు పుట్టే పనే, ఒక సాయంత్రం పోతుంది. కిటికీలు తెరిచిపెట్టు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, చేతికి గ్లౌజులు వేసుకో.

గట్టి కుచ్చు బ్రష్ ఒకటి తీసుకుని, కుచ్చుని సగానికి కత్తిరించు, అప్పుడు జిగురు సమంగా పరుచుకుంటుంది. రిమ్‌కి పలచటి పూత ఒకటి, అంచు నుంచి అంచు దాకా. టైరులో కొంచెం గాలి కొడితే అదే తిరగబడి అడుగు పట్టీ బయటికొస్తుంది, దానికీ ఒక పూత. మర్నాటికి ఆరాక రిమ్‌కి రెండో పూత. అది కూడా ఆరాక మూడో రోజున రిమ్ మీద చివరి పూత రాసి, వేలికి అంటుకుంటూ ఉండగానే టైరు ఎక్కించు. పూతల మధ్య ఎన్ని గంటలు ఆగాలో జిగురు ట్యూబు మీద రాసుంటుంది, దాన్ని నమ్ము. ఒక్కసారే మందంగా రాస్తే పని అయిపోతుందనుకుంటాం. పైన తోలు కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. నా మచ్చ పక్కన నీకూ ఒకటి వస్తుంది.

ఎక్కించడానికి టైరులో ఆకారం నిలిచేంత గాలి చాలు. చక్రాన్ని నేల మీద నిలబెట్టి, వాల్వు రంధ్రం పైకి ఉంచి, వాల్వు నిటారుగా దించు. తర్వాత రెండు చేతులతో వాల్వుకి ఇటూ అటూ టైరుని కిందకి లాగుతూ, ఒంటి బరువంతా వేస్తూ దిగు. చివర జానెడు మిగులుతుంది. అప్పుడు చక్రాన్ని ఎత్తి పొట్టకి ఆనించి రెండు బొటనవేళ్ళతో తోసెయ్. పాత చొక్కా వేసుకోమని వేరే చెప్పాలా?

కొంచెం గాలి కొట్టి చక్రం తిప్పి చూడు. ట్రెడ్, అంటే నేలని తాకే భాగం, వంకరగా ఊగుతుంటే అక్కడ పట్టుకుని మెలితిప్పి సర్దు. అడుగు పట్టీ రిమ్‌కి రెండు పక్కలా సమంగా కనబడాలి. జిగురు పచ్చిగా ఉన్న కొద్ది నిమిషాలే నీ చేతిలో ఉంటాయి. తర్వాత టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా దండిగా గాలి కొట్టి పూర్తిగా ఒక రోజు కదపకు. మర్నాడు గాలి మొత్తం తీసి, చుట్టూ బొటనవేళ్ళతో టైరుని పక్కకి నెట్టి చూడు. వాల్వు దగ్గరా, దానికి సరిగ్గా ఎదురుగానూ ఇంకో రెండుసార్లు చూడు. వాల్వు దగ్గర పట్టీ ఉబ్బుగా ఉండి జిగురు అందదు. ఎదురువైపు నువ్వు కుస్తీ పట్టిన చోటు, జిగురు చెదిరిపోయుంటుంది. ఎక్కడైనా పట్టీ లేచి వెలుతురు కనబడితే మళ్ళీ మొదటికి రావలసిందే.

బాగా అంటించినా వేడి దాన్ని మెత్తబరుస్తుంది. దిగుడు రోడ్డులో రిమ్ బ్రేకు పట్టుకుని వస్తే రిమ్ కాలిపోతుంది. 2003 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో స్పెయిన్ రేసర్ జోసెబా బెలోకి రెండో స్థానంలో ఉండగా, గ్యాప్ ఊరికి దిగే రోడ్డులో ఎండకి కరిగిన తారు మీద వెనక చక్రం జారింది, టైరు రిమ్ నుంచి ఊడింది. తొడ ఎముక, మోచెయ్యి, మణికట్టు విరిగాయి. వెనకే వస్తున్న రేసర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పొలంలోంచి అడ్డంగా వెళ్ళి తప్పించుకున్నాడు. అందుకే దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టుకోకు, పట్టి వదులుతూ ఉండు. ఎండలో నిలిపిన కారులో చక్రాలు వదిలెయ్యకు.

ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిచి, ట్రెడ్‌లో దిగిన గాజుముక్కలు గోటితో తీసెయ్. చీకటిగా, చల్లగా ఉండే చోట వేలాడదియ్యి. పంక్చర్ పడితే కుట్టు విప్పి ప్యాచ్ వేసి మళ్ళీ కుట్టొచ్చు. నేను రెండుసార్లు కుట్టాను. రెండోదానికి ట్యూబులోకే సూది దించేశాను. లోపల్నుంచి రంధ్రం పూడ్చే సీలంట్ ద్రవం పోసి చూడు ముందు.

స్పేర్ టైరు మాత్రం ఎప్పుడూ ఒకసారి జిగురు రాసి వాడినదే పెట్టుకో. జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి సీటు కింద కట్టుకో. రోడ్డు మీద మార్చాక అది తాత్కాలికమే. మలుపుల్లో వంగకుండా మెల్లగా ఇంటికి రా.

మూడో పూత రాసే రోజు నాకు వీడియో కాల్ చెయ్. వాల్వు పక్కన రాశావో లేదో నేను చూడాలి.

అమ్మ