టిచ్ బటన్లు, నాడీకణాలు

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఏరా బావా,

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, మెదడులో అన్ని కోట్ల కణాలుంటే ఒక నాడీకణం తనకి కావలసినదాన్నే ఎలా పట్టుకుంటుందని. ఇంతలో సిగ్నల్ పోయింది. మిగతాది రాసేస్తున్నా.

మా బజార్లో బెల్లం కొట్టాయన ఉన్నాడు. మనిషి మెట్టెక్కి ఒక్క మాటంటే చాలు, ఒడియానా తెలుగా అని పట్టేసి అదే భాషలో బేరం మొదలెడతాడు. కణాలకి ఆ మాట పైపొర మీద ఉండే ప్రోటీన్లే. రోజర్ స్పెర్రీ అని ఒకాయన 1940ల్లో కప్ప కంటి నరం తెంచి, కన్ను తలకిందులు చేసి పెట్టాడు. నరం మళ్లీ పెరిగి పాత చోటికే పోయి అతుక్కుంది. పాపం ఆ కప్ప, ఈగ పైనుంటే నాలుక కిందికి చాపేది. ఎన్నాళ్లైనా దిద్దుకోలేదు. అంటే తోవ అలవాటుతో వచ్చింది కాదు, కణాల మీదున్న రసాయన గుర్తులతో వచ్చింది. 1963లో ఆయన తేల్చి చెప్పిన మాట ఇదే.

ఆ గుర్తుల్లో ఒకటి సాలెపురుగు విషం వల్ల దొరికింది, తెలుసా! బ్లాక్ విడో విషం నాడీకణం మీద దేనికి అంటుకుంటోందా అని వెతికితే 1992లో న్యూరెక్సిన్ అనే ప్రోటీన్ బయటపడింది. దాని జత న్యూరోలిజిన్, అవతలి కణం మీద ఉంటుంది. ఇప్పుడు మా అమ్మ పక్కనే కూర్చుని మనవడి చొక్కాకి టిచ్ బటన్లు కుడుతోంది. బొడిపె ఒక అంచుకి, గుంట రెండో అంచుకి. అచ్చం అలాగే. 2000లో న్యూరోలిజిన్‌ని కిడ్నీ నుంచి వచ్చిన కణాలకి తగిలిస్తే, వాటిని తాకిన నరం నాడీకణమే దొరికిందనుకుని సందేశం పంపే సరంజామా అంతా అక్కడ పేర్చేసింది. నవ్వొచ్చింది నాకు.

రకాలూ ఉన్నాయి. న్యూరోలిజిన్ 1 ఉత్తేజపరిచే సినాప్స్‌ల దగ్గర, అంటే రెండు నాడీకణాలు కలిసి సందేశం అందించుకునే అతుకుల దగ్గర, 2 అణిచేవాటి దగ్గర. కానీ బటన్ పోలిక మరీ సాగదీయకు. ఎలుకల్లో మూడు న్యూరోలిజిన్లు తీసేసినా సినాప్స్‌లు లెక్కకి తయారయ్యాయి, సరిగ్గా పనిచేయలేదంతే. ఆ ఎలుక పిల్లలు పుట్టగానే చచ్చిపోయాయి. కాబట్టి అతికించడంకన్నా అతుకుని పనికొచ్చేలా చేయడమే వీటి అసలు పని అని నాకనిపిస్తుంది.

ఉంటానురా, అమ్మ పిలుస్తోంది. ఒక చోట రెండువైపులా బొడిపెలే కుట్టేసిందట. చత్వారం కదా, ఊడదీశాక సూదిలో దారం నేనే ఎక్కించాలి.

నీ
బావ