హ్యాండిల్ పైకి లేపే ముందు ఆ గీత చూడండి

సంపాదకులకు,

ఆరోగ్యం కోసం సైకిలు తొక్కమని పత్రికలు తరచూ రాస్తుంటాయి. మంచిదే. నాలుగు రోజులు తొక్కాక అరచేతులు తిమ్మిరెక్కి, మెడ పట్టేసి, సైకిల్ని గోడకి ఆనించేసేవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. వాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త సైకిలు కాదు, హ్యాండిల్ ఓ రెండు సెంటీమీటర్లు పైకి రావడం. ఇంట్లోనే చేసుకోగలిగిన పని. తప్పు చేస్తే మాత్రం దారి మధ్యలో హ్యాండిల్ ఊడి చేతికొస్తుంది, అందుకే ఈ ఉత్తరం.

సీటు ఎత్తు తేలకుండా హ్యాండిల్ ముట్టుకోవడం దండగ. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, మడమ పెడల్ మీద పెట్టి కిందికంటా తొక్కండి. కాలు నిటారుగా రావాలి, నడుము పక్కకి ఒరగకూడదు. మామూలుగా ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది, అంతే చాలు. రోజువారీ తొక్కేవాళ్లకి హ్యాండిల్ పిడులు సీటుతో సమానంగానో, కొంచెం ఎత్తులోనో ఉంటే హాయి. మరీ ఎత్తైతే బరువంతా సీటు మీదే పడి ప్రతి గుంతా వెన్నులో తెలుస్తుంది. ఒకసారికి ఒక సెంటీమీటరు మార్చి, రెండు మూడు రోజులు తొక్కి చూడండి.

అసలు తిమ్మిరికి కారణం చాలాసార్లు ఎత్తు కాదు, బ్రేకు లివర్ల వాలు. లివరు మీద వేళ్లు పెట్టినప్పుడు మోచేయి, మణికట్టు, వేళ్లు ఒకే వరసలో ఉండాలి. మణికట్టు వెనక్కి విరిగినట్టుంటే లివరు స్క్రూ వదులు చేసి కాస్త కిందికి తిప్పండి. అరనిమిషం పని. దీనితోనే సరిపోతే మిగతా ఉత్తరం చదవక్కర్లేదు.

సరిపోకపోతే, మీ హ్యాండిల్ ఏ రకమో చూడండి. పాత పద్ధతి సైకిళ్లలో సన్నటి కాడ ఒకటి ఫోర్కు గొట్టం (ముందు చక్రాన్ని రెండువైపులా పట్టుకునే ఫోర్కు నుంచి పైకి సాగిన గొట్టం) లోపలికి దిగి ఉంటుంది, కాడ నెత్తిన ఒకే బోల్టు. దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేయండి, పూర్తిగా విప్పేయకండి. బోల్టు తల కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఇక్కడే చాలామంది హ్యాండిల్ పట్టుకుని లాగీ లాగీ అలిసిపోతారు. బోల్టు వదులైనా, కాడ అడుగున ఉన్న ఏటవాలు ముక్క గొట్టంలో ఇరుక్కునే ఉంటుంది మరి. బోల్టు తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటి వేయండి. బోల్టు టక్కున కిందికి దిగుతుంది, ఆ ముక్క వదులవుతుంది. అప్పుడు ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి, హ్యాండిల్ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. అప్పటికీ కదలకపోతే తుప్పు పట్టిందన్నమాట. బాదకండి, తుప్పు వదిలించే నూనె సందులో పోసి రాత్రంతా వదిలేయండి. రాడ్డు బ్రేకుల సైకిలైతే ముందు బ్రేకు రాడ్డుని ముందే వదులు చేసుకోవాలి, లేకపోతే హ్యాండిల్‌తోపాటు అదీ పైకి లేచి బ్రేకు పట్టేస్తుంది.

కాడ మీద చుట్టూ చెక్కిన గీత ఒకటి ఉంటుంది. అది గొట్టంలోపలే ఉండాలి, బయటికి కనపడకూడదు. ఫోర్కు గొట్టం పైభాగానికి బయటివైపు మర కోసి ఉంటుంది కాబట్టి అక్కడ గోడ పలచన. ఏటవాలు ముక్క అంత పైన బిగుసుకుంటే గొట్టం ఉబ్బుతుంది, ఓ రోజు చీలుతుంది. గీత అరిగిపోయి ఉంటే కాడ బయటికి తీసి అడుగునుంచి కొలవండి, లోపల 7 సెంటీమీటర్లకి తగ్గనివ్వకండి. అంతకన్నా ఎత్తు కావాలంటే పొడుగు కాడ కొనడమే. ఈసారి సైకిలు గురించి వేసినప్పుడు నవ్వుతూ తొక్కేవాళ్ల ఫొటోతోపాటు ఈ గీత ఫొటో కూడా వేయమని మనవి.

తిరిగి పెట్టేటప్పుడు తుప్పు తుడిచి, కాడకీ బోల్టు మరకీ పలచగా గ్రీజు రాయండి. చక్రంతో తిన్నగా ఉందో లేదో పైనుంచి చూసి బిగించండి. టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉన్నవాళ్లకి 15 నుంచి 20 న్యూటన్ మీటర్లు. ఇంకా గట్టిగా బిగిస్తే మంచిదనుకుంటారు గానీ, అతిగా బిగించినా గొట్టం ఉబ్బేది నిజమే. చక్రాన్ని మోకాళ్లతో నొక్కి పట్టి హ్యాండిల్ గట్టిగా తిప్పినా కదలకపోతే సరిపోయినట్టే.

కొత్త రకంలో స్టెమ్, అంటే హ్యాండిల్ని ఫోర్కుకి కలిపే ముక్క, ఫోర్కు గొట్టాన్ని బయటినుంచి పట్టుకుంటుంది. పక్కన రెండు బోల్టులు, పైన మూత. ఆ మూత బోల్టు బిగిస్తే హ్యాండిల్ బిగుస్తుందని అనుకోవడం పొరపాటు. అది బేరింగుల ఆట (వదులు వల్ల వచ్చే కదలిక) తీయడానికి మాత్రమే, హ్యాండిల్ని పట్టి ఉంచేవి పక్క బోల్టులు. ఎత్తు పెంచాలంటే స్టెమ్ పైన ఉన్న రింగుల్ని కిందికి మార్చాలి. పైన రింగులు లేకపోతే స్టెమ్‌ని తిరగేసి పెట్టి చూడొచ్చు. కొత్త రింగులు అదనంగా వేయకండి, స్టెమ్ గొట్టాన్ని పట్టుకునే చోటు తగ్గిపోతుంది. ముందు చక్రం నేలమీదే ఉంచి చేయండి, పైకెత్తితే ఫోర్కు జారిపోతుంది. గొట్టం అంచు, పైనున్న స్టెమ్ లేదా రింగు కన్నా 2 నుంచి 3 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. లేకపోతే మూత గొట్టానికే తగిలి ఆగిపోతుంది, ఎంత బిగించినా ఆట పోదు.

బిగించే వరస తప్పకూడదు. మొదట మూత బోల్టు, ఆట పోయేదాకా మాత్రమే. తర్వాత హ్యాండిల్ తిన్నగా సర్దడం. ఆఖరున పక్క బోల్టులు, దీనికింత దానికింత మార్చి మార్చి. స్టెమ్ మీద రాసి ఉన్న అంకె దాటొద్దు, మామూలుగా అది 5 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పక్క బోల్టులు ముందే బిగిస్తే మూత ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. కార్బన్ గొట్టమైతే స్టెమ్ పట్టుకునే చోట గ్రీజు పూయకూడదు, దానికి వేరే పేస్టు ఉంటుంది.

ముందు బ్రేకు పట్టి సైకిల్ని ముందుకూ వెనక్కీ ఊపండి, ఫోర్కు ఫ్రేములో కలిసే చోట వేలు పెట్టి ఉంచండి. టక్‌టక్ మని వేలికి తెలిస్తే ఇంకా ఆట ఉంది. ముందు చక్రం పైకెత్తినప్పుడు హ్యాండిల్ దానంతటదే పక్కకి వాలాలి. బిర్రుగా ఉంటే మూత ఎక్కువ బిగిసింది. రెండిట్లో ఏది తేలినా పక్క బోల్టులు వదులు చేశాకే మూత జోలికి వెళ్లాలి.

ఏ రకమైనా బయల్దేరే ముందు హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. తిప్పినప్పుడు కేబుల్ బిగదీసుకుపోయినా, బ్రేకు దానంతటదే పట్టుకున్నా, కేబుల్ పొడుగు చాలడం లేదు. పొడుగు కేబుల్ వేయించేదాకా హ్యాండిల్ కిందికి దించి తొక్కండి.

ఇట్లు,
సైకిళ్లు బాగుచేసే ఒక పాఠకుడు