ఓట్ల లెక్క మారకపోతే నాయకుల చూపు మారదు

సంపాదకుడు గారికి,

నమస్కారం.

ఎన్నికల గురించి మీ పత్రికలో ఏ వార్త వచ్చినా, పాఠకుల స్పందనల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది. ఈ నాయకులకు మామూలు మనుషుల బతుకులు తెలియవని. ఆ మాట నిజమే. కానీ తప్పంతా నాయకుల గుణం మీదికి నెట్టి ఊరుకుంటే ఏమీ మారదు. ఈసారి మంచివాళ్లు వస్తారు, వాళ్లయినా మన గోడు వింటారు అనుకుంటూ ఎన్నిక తర్వాత ఎన్నిక గడిపేస్తున్నాం. ఎవరి కష్టం తెలుసుకోవాలి, ఎవరిది తెలుసుకోకపోయినా ఫర్వాలేదు అన్నది నాయకుడికి నేర్పేది ఓట్లు లెక్కపెట్టే పద్ధతే. అది మారాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లు గెలిచే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. నలుగురైదుగురు గట్టిగా పోటీపడితే మూడో వంతు ఓట్లతోనే సీటు దక్కుతుంది. 2024లో బ్రిటన్‌లో లేబర్ పార్టీకి 34 శాతం లోపు ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 650లో 400 దాటాయి. అదే ఎన్నికలో 14 శాతం ఓట్లు తెచ్చుకున్న రిఫార్మ్ పార్టీకి దక్కినవి అయిదు సీట్లు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఓట్లలో మూడో స్థానంలో నిలిచిన బహుజన్ సమాజ్ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. ఈ అంకెలను సాధారణంగా ఓడిన పార్టీలే ముందుకు తెస్తాయి. పార్టీలకు జరిగిన నష్టం సంగతి పక్కన పెడదాం. నన్ను బాధపెట్టేది, ఈ లెక్క వల్ల ప్రచారం ఎలా సాగుతుందన్న విషయం.

ప్రచారం మొదలవ్వగానే ప్రతి పార్టీ ఓటర్లను మూడు కుప్పలుగా విడదీస్తుంది. ఎలాగూ మనకే వేసేవాళ్లు, ఏం చేసినా వేయనివాళ్లు, ఎటు వేస్తారో తెలియనివాళ్లు. తిరగాల్సిన గడపలన్నీ మూడో కుప్పలోనే ఉంటాయి. ఇక కంచుకోటలుగా పేరుపడ్డ నియోజకవర్గాల్లో ఉండేవాళ్ల సంగతి మరీ అన్యాయం. గెలుపు ఖాయమని ఒకరు రారు, ఓటమి ఖాయమని ఇంకొకరు రారు. ఆ ఇళ్లలో మంచాన పడ్డ తల్లిని చూసుకునే కొడుకు ఉండొచ్చు, రాత్రి షిఫ్టు చేసి పగలు పిల్లల్ని చూసుకునే తల్లి ఉండొచ్చు. వాళ్ల మాట వినకపోతే ఏ అభ్యర్థికీ నష్టం లేదు. నష్టం లేనప్పుడు ఎవరు వింటారు?

ఐర్లండ్‌లో పద్ధతి వేరు. అక్కడ ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు నుంచి అయిదుగురు ఎన్నికవుతారు. ఓటరు బ్యాలెట్ మీద తనకు నచ్చిన వరుసలో 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. లెక్కింపు హాల్లో ముందు ఒకటో అంకెను బట్టి కాగితాలను కట్టలు కడతారు. గెలవడానికి కావాల్సిన సంఖ్య దాటినవాళ్ల అదనపు ఓట్లు తర్వాతి అంకె ఉన్నవాళ్లకు వెళ్తాయి. అందరికంటే వెనకబడ్డవాళ్లు తప్పుకుంటే, వాళ్ల కట్ట విప్పి ప్రతి కాగితం మీదా తర్వాతి అంకె ఎవరిదో చూసి పంచుతారు. ఇలా రౌండ్ల మీద రౌండ్లు సాగుతాయి, కొన్నిచోట్ల లెక్క తేలడానికి రోజులు పడుతుంది. ఓడిపోయిన అభ్యర్థికి పడ్డ ఓటు కూడా చాలాసార్లు ఎక్కడో ఒకచోట పనికొస్తుంది.

దీనివల్ల గడప దగ్గర జరిగే మాటల తీరు మారుతుంది. "నా ఓటు వేరేవాళ్లకండీ" అని ఓటరు ముఖం మీదే చెప్పినా అభ్యర్థి వెనక్కి తిరగడు. "సరేనమ్మా, రెండోది నాకు వేయండి" అని అడుగుతాడు. "ఎందుకు వేయాలి?" అని ఆమె అడిగితే అక్కడ నిలబడి వినాలి, జవాబు చెప్పాలి. అవతలి అభ్యర్థిని తిట్టిపోస్తే ఆ రెండో అంకె కూడా దక్కదు. ఈ పద్ధతిని తీసేయాలని అక్కడి ప్రభుత్వం 1959లో ఒకసారి, 1968లో ఒకసారి ప్రజాభిప్రాయం కోరితే, రెండుసార్లూ జనం ఒప్పుకోలేదు. తమ చేతిలో ఉన్నదాని విలువ వాళ్లకు తెలుసు.

న్యూజీలాండ్ 1993 ప్రజాభిప్రాయ సేకరణలో పాత పద్ధతిని వదులుకుంది. 1996 నుంచి అక్కడ ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు, ఒకటి స్థానిక అభ్యర్థికి, రెండోది పార్టీకి. పార్టీకి పడ్డ ఓట్లను బట్టే సభలో దాని వాటా తేలుతుంది. ఆ మొదటి ఎన్నికలోనే పార్లమెంటులో మహిళల వాటా 21 శాతం నుంచి 29 శాతానికి పెరిగింది. అక్కడి మూలవాసులైన మావోరీ సభ్యులూ పెరిగారు.

ఇలాంటి పద్ధతుల్లో ఇబ్బందులు లేవని నేను అనను. ఓట్లను బట్టే సీట్లు పంచితే సభలో చాలా పార్టీలు చేరి, ప్రభుత్వం ఏర్పడటమే కష్టమయ్యే సందర్భాలు ఉంటాయి. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టింది. నిజమే, అది చిన్న సమస్య కాదు. అయినా నా మొగ్గు అటే. మార్పుకు అసలు అడ్డు వేరే ఉంది. పాత లెక్కతో గెలిచినవాళ్లకు దాన్ని మార్చాలని అనిపించదు. 2015 ఎన్నిక పాత పద్ధతిలో జరిగే ఆఖరి ఎన్నిక అని మాటిచ్చిన కెనడా నాయకుడు జస్టిన్ ట్రూడో, గెలిచి ప్రధాని అయ్యాక 2017 ఫిబ్రవరిలో ఆ మాట వదిలేశారు.

ఓటు లెక్కలోకి రావడం ఒక ఎత్తు. అసలు ఓటు వేయగలగడం ఇంకో ఎత్తు. టీచరుగా పనిచేసిన రోజుల్లో నేను చాలాసార్లు పోలింగ్ డ్యూటీ చేశాను. ఒకసారి సాయంత్రం, ఇక ముగించే వేళకు ఒకావిడ ఉద్యోగం యూనిఫాంతోనే పరుగున వచ్చింది. సంచిలోంచి గుర్తింపు కార్డు తీసి నా ముందు పెట్టింది. జాబితాలో ఆ పేరు లేదు. పై నుంచి కిందికి రెండుసార్లు వేలు పెట్టి చూశాను. అద్దె ఇల్లు మారిందట. పాత చిరునామాలో పేరు కొట్టేశారు, కొత్త చోట ఎక్కించలేదు. "ఇక్కడ లేదమ్మా" అన్నాను. "మరి ఎక్కడుందండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పర్మిషన్ పెట్టి వచ్చానని, ఈ గంటకు జీతం కోస్తారని చెప్పి, కార్డు మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పోలింగ్ శాతం ప్రకటించారు. ఆ శాతం జాబితాలో ఉన్న పేర్లను బట్టి వేసేది. అంటే ఓటు వేసినవాళ్లలో ఆమె లేదు, వేయనివాళ్లలోనూ లేదు. జనానికి బాధ్యత లేదని, సెలవిస్తే ఇంట్లో పడుకుంటారని టీవీ చర్చల్లో పెద్దలు చెబుతుంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది, చాలా కోపం వస్తుంది. సొంత ఇల్లు, స్థిరమైన ఉద్యోగం ఉన్నవాళ్లను మనసులో పెట్టుకుని రాసిన నిబంధనలివి. ఏటేటా ఇల్లు మారేవాళ్లు ఆ రాసినవాళ్లకు గుర్తు రాలేదు.

ఆస్ట్రేలియాలో 1922 ఎన్నికల్లో పోలింగ్ 60 శాతం కూడా లేదు. 1924లో ఓటు వేయడం తప్పనిసరి చేశాక, 1925లో అది 91 శాతం దాటింది. వేయకపోతే జరిమానా అన్న ఆలోచన నాకూ అంతగా నచ్చదు, పేదవాళ్లకు అది ఎక్కువ భారం. అయినా అందులో ఒక మంచి ఉంది. తప్పనిసరి అన్నాక, వేయడానికి వీలు కల్పించే బాధ్యత ప్రభుత్వం మీద పడుతుంది. అందుకే అక్కడ శనివారం పోలింగ్ పెడతారు, ముందుగా వేసే వీలు, పోస్టులో పంపే వీలు ఉంటాయి, మారుమూల ప్రాంతాలకు సిబ్బందే వెళ్తారు. అందరూ ఓటు వేసేచోట ఫలానావాళ్లు ఎలాగూ రారులే అని అభ్యర్థి ఎవరినీ తీసిపారేయలేడు.

సభల్లో కూర్చునేది ఎవరన్నదీ ఇందులో భాగమే. 1838లో బ్రిటన్ కార్మికులు ప్రజల చార్టర్ పేరుతో ఆరు డిమాండ్లు పెట్టారు. రహస్య బ్యాలెట్, సభ్యత్వానికి ఆస్తి ఉండాలన్న షరతు ఎత్తేయడం, సభ్యులకు జీతం ఇవ్వడం అందులోవే. జీతం ఎందుకు అడిగారో చూడండి. జీతం లేకపోతే, పని మానుకుని సభలో కూర్చోగలిగేది ఆస్తిపరులే. ఆ ఒక్క డిమాండు నెరవేరడానికి 1911 దాకా ఆగాల్సి వచ్చింది. మామూలు మనిషి బతుకు తెలిసినవాళ్లు సభలో ఉండాలంటే మామూలు మనిషే అక్కడికి వెళ్లగలగాలని వాళ్లు అప్పుడే గుర్తించారు. ఇప్పుడు జీతాలున్నాయి. కానీ ప్రచారానికి అయ్యే ఖర్చు చూస్తే, కూలి చేసుకునే మనిషి నామినేషన్ వేసే ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు?

ఇక ఇంటర్వ్యూల్లో నాయకుడిని పాల ధరెంత, బస్సు టికెట్ ఎంత అని అడగడం. చెప్పలేక తడబడితే దాన్నే పదేపదే చూపిస్తారు. ధర బట్టీ పట్టడానికి సహాయకులున్నారు. జీతం ఆలస్యమైన నెలలో అద్దె ఇచ్చేది ఎలా అన్న టెన్షన్ ఏ సహాయకుడూ రాసివ్వలేడు. అది అనుభవించినవాళ్ల పక్కన కూర్చుని వింటే కొంతైనా తెలుస్తుంది. ఐర్లండ్‌లో 2012 చివర్లో మొదలైన రాజ్యాంగ సదస్సులో అదే చేశారు. 66 మంది మామూలు పౌరులను లాటరీ తరహాలో ఎంపిక చేసి, 33 మంది రాజకీయ నాయకులతో కలిపి, ఒక అధ్యక్షుడిని పెట్టారు. వారాంతాల్లో నాయకులూ పౌరులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నారు. స్వలింగ వివాహాలను అనుమతించాలని ఆ సదస్సు సిఫార్సు చేసింది. 2015లో ప్రజాభిప్రాయం కోరితే 62 శాతం మంది ఔనన్నారు. ఏ పార్టీ అయినా ఒంటరిగా ఎత్తుకోవడానికి భయపడే విషయం అది.

సంపాదకుడు గారూ, మీ పత్రికకు ఒక విన్నపం. ఈసారి ఎన్నికలొచ్చినప్పుడు ప్రతి అభ్యర్థినీ మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు ఉన్నవి ఉన్నట్టు అచ్చువేయండి. మీకు ఓటు వేయరని తెలిసిన ఇళ్లకు ఎన్నింటికి వెళ్లారు? ఇల్లు మారినవాళ్ల పేరు జాబితాలోంచి పోకుండా ఏ నిబంధన మారుస్తారు? ఓట్ల లెక్కింపు పద్ధతిని తేల్చడానికి, మీ పార్టీ ఎంచని పౌరులతో సభ పెట్టడానికి ఒప్పుకుంటారా? జవాబు ఇవ్వనివాళ్ల పేరు ఎదురుగా ఆ గడి ఖాళీగా వదిలి అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(రిటైర్డ్ ఉపాధ్యాయిని)