స్పెయిన్‌లోని కోర్డోబా నుంచి అమ్మకు

అమ్మకు,

నేనిక్కడ క్షేమం. నాన్న మోకాలి సంగతి ఫోన్లో అడిగితే "బాగానే ఉందిలే" అంటారు తప్ప అసలు మాట చెప్పరు. అందుకే నిన్ను అడుగుతున్నా. ల్యాబ్ పని మామూలే. ఆలివ్ తోటలు, నీళ్ల లెక్కలు, ఎండలో తిరగడం. రాయడానికి పెద్దగా ఏం లేదు.

మొన్న నువ్వు "అక్కడ అన్నీ గొడ్డుమాంసం, పందిమాంసమేనట, పెద్దమ్మ చెప్పింది, నువ్వేం తిని బతుకుతున్నావే" అన్నావు. అప్పుడు నీ గొంతు మారిపోయింది. ఫోన్లో రెండు ముక్కలు చెప్తే నీ బెంగ తీరదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

పెద్దమ్మ చెప్పింది అబద్ధమేం కాదు. ఎద్దు తోక కూరకి ఈ ఊరు పెట్టింది పేరు. పాత హోటల్ దేనికెళ్లినా ఆ కూర దొరుకుతుంది. నేను దాన్ని ముట్టలేదమ్మా, ముట్టను కూడా. నీకు మాటిచ్చి వచ్చాను. ప్రతి ఆదివారం అదే అడిగితే నా మీద నమ్మకం లేదేమోనని బాధేస్తుంది. పెద్దమ్మకీ ఇదే చెప్పు.

నేను తినేవేంటో చెప్తా విను. కొర్రెదేరా అనే పెద్ద చౌకు దగ్గర సలీనాస్ అని ఒక పాత భోజనశాల ఉంది. 1879లో పెట్టారట. లోపల తాతయ్యగారి మండువా ఇల్లే గుర్తొస్తుంది. నడిమధ్యన పైకప్పు లేని జాగా, చుట్టూ గదులు, గోడలకి పూలకుండీలు. మెస్కీతా అంటే ఒకప్పటి మసీదు, ఇప్పుడు చర్చి. దాని చుట్టుపక్కల సందుల్లో ఫోటోలు అతికించి పిలిచే హోటళ్లకంటే ఇలాంటి చోటే వంట నిజంగా బాగుంటుంది. నాతో ఉండే మొరాకో అమ్మాయి కూడా పందిమాంసం తినదు కాబట్టి ఇద్దరం కలిసే వెళ్తాం. నాలుగు రకాలు తెప్పించుకుని చెరిసగం తింటాం. కూర్చోగానే "హమోన్ (పంది తొడ మాంసం) వద్దు" అని మొదటి మాట తనే అనేస్తుంది.

అన్నిట్లోకి వంకాయ వేపుడు గురించి నీకు చెప్పాలి. వంకాయని సన్నగా, పొడుగ్గా చీరి, పిండిలో దొర్లించి, ఆలివ్ నూనెలో కరకరలాడేలా వేయిస్తారు. పొగలు కక్కుతుండగానే పైన నల్లటి పాకం తీగలా పోస్తారు. తేనె అంటారు గానీ అది చెరుకు రసం కాచిన పాకమే. బెల్లం కట్టక ముందు పెనంలో ఉంటుందే, అదే. ముక్క కొరికితే ముందు ఉప్పగా, వెంటనే తియ్యగా, లోపల వెన్నలా ఉంటుంది. మొదటిసారి తిన్నప్పుడు నాకు మాట రాలేదు. వంకాయ మన దేశం వైపు నుంచి అరబ్బుల చేతుల మీదుగానే ఇక్కడికి వచ్చింది. చెరుకు, పాలకూర, నారింజ కూడా వాళ్లు తెచ్చి పండించినవే. శనివారాలు నాకు ఆ వంకాయ, జీలకర్ర వేసిన పాలకూర శనగలు చాలు.

సాల్మొరేహో అని ఇంకోటుంది. పండు టమాటాలు, ఎండిన రొట్టె, వెల్లుల్లి, ఉప్పు, బోలెడంత ఆలివ్ నూనె కలిపి మెత్తగా రుబ్బి చల్లగా ఇస్తారు. పైన ఉడికిన గుడ్డు తరుగు చల్లుతారు. ఆ గుడ్డుకి తప్ప పొయ్యి వెలిగించే పనే లేదు. ఈ ఎండలకి అంతకంటే ఏం కావాలి! 2021 ఆగస్టులో ఈ జిల్లాలోనే 47 డిగ్రీలు దాటింది. మన రెంటచింతల వాళ్లకి చెప్తే నమ్ముతారు. నాన్నకి ఒకటి చెప్పు. టమాటా, మన మిరప రెండూ అమెరికా వైపు నుంచి ఓడల్లో వచ్చినవే. టమాటా రాకముందు ఇదే వంటకాన్ని బాదంపప్పుతో తెల్లగా చేసేవాళ్లు. ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తారు.

ఆ మొరాకో అమ్మాయి ఊళ్లో లేనప్పుడు మెస్కీతా ఎదురుగా సాంతోస్ అనే చిన్న బార్‌కి వెళ్తా. బండిచక్రమంత గుడ్డు అట్టు, లోపలంతా బంగాళాదుంప. ఒక ముక్క కోసి ఇస్తారు. జాగా ఉండదు కాబట్టి అందరూ బయట ఆ పాత గోడ దగ్గర నిలబడే తింటారు. ఒక్కదాన్నే ఉన్నానన్న బెంగ అక్కడ అంతగా అనిపించదు. రాత్రి తొమ్మిదింటికి ముందు ఇక్కడెవరూ భోజనానికి కూర్చోరు. నేను ఆలస్యంగా తింటున్నానని నువ్వు టెన్షన్ పడకు, ఊరంతా అంతే.

సంక్రాంతికి రావడం కుదరదమ్మా. ఆలివ్ కాయలు కోసేది చలికాలంలోనే. ఏడాదంతా పెట్టిన నీళ్ల ఫలితం అప్పుడే తూచాలి. ఈ మాట ఫోన్లో చెప్పగానే నువ్వు ఫోన్ నాన్నకిచ్చేసి వంటింట్లోకి వెళ్లిపోయావని నాకు తెలుసు. అరిసెలు చేసే రోజు వీడియో కాల్ చెయ్యి, ఏ టైమైనా ఎత్తుతా. వేసవికి తప్పకుండా వస్తా. అప్పుడు ఆ వంకాయ వేపుడు నేనే చేసి పెడతా. పాకం మాత్రం మన బెల్లంతోనే.

బుజ్జి ఫీజు డబ్బులు పంపాను, వచ్చాయో లేదో చూసుకోమను. కారం ఇంకా ఉంది, పార్శిల్ పెట్టొద్దు. ఈ వారమే నాన్నని నరసరావుపేట తీసుకెళ్లి మోకాలికి ఎక్స్‌రే తీయించు. వెళ్లనంటే నేను ఏడ్చానని చెప్పు. ఎక్స్‌రే ఫోటో బుజ్జి చేత నాకు పంపించు.

ఉంటానమ్మా.

నీ చిన్ని