విషయం: 23 రోజులుగా నమోదు కాని నా క్లెయిమ్

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

నమస్కారం. నేను నర్సును. పనిలో పొరపాటు చేశానని ఎవరైనా పరిహారం అడిగితే ఆదుకునే వృత్తిపరమైన బాధ్యత బీమాకు 11 ఏళ్లుగా మీ దగ్గర ప్రీమియం కడుతున్నాను. ఒక్కసారి గడువు దాటలేదు, ఒక్క క్లెయిమూ పెట్టలేదు. మొదటిసారి మీ అవసరం పడితే, పలికే దిక్కు లేదు.

మా వార్డులో చికిత్స పొందిన ఒకరి కుటుంబం నష్టపరిహారం కోరుతూ లాయరు నోటీసు పంపింది. సెలైన్ ఎక్కుతున్న చేయి వాచినా నేను పట్టించుకోలేదని ఆరోపణ. వాపు చూడగానే సెలైన్ ఆపి, నరంలో పెట్టిన గొట్టం (క్యాన్యులా) తీసేసి, డ్యూటీ డాక్టరును పిలిచాను. ఏది ఎప్పుడు చేశానో నర్సింగ్ నోట్స్‌లో నా చేతిరాతతోనే ఉంది. ఆ సంగతి తేలవలసిన చోట తేలుతుంది. నా ఫిర్యాదు మీ మీద.

నోటీసు అందిన రోజే మీకు ఫోన్ చేశాను. మొదట మాట్లాడినవారు "ఆసుపత్రి బిల్లులు పంపండి" అన్నారు. నేను రోగిని కాను, నర్సునని, ఇది ఆరోగ్య బీమా కాదని మూడుసార్లు చెప్పాక లైను మరొకరికి కలిపారు. ఆయన ఈమెయిల్ చేయమన్నారు. నోటీసు ప్రతి జతచేసి ఆ రోజే పంపాను. అందినట్టు కంప్యూటర్ జవాబిచ్చింది, మనుషులెవరూ ఇవ్వలేదు. నాలుగో రోజు ఇంకొకరు, కోర్టు సమన్లు వస్తేనే క్లెయిమ్ నమోదు చేస్తామన్నారు. పరిహారం కోరుతూ రాతపూర్వకంగా ఏది వచ్చినా వెంటనే తెలపాలని మీ పాలసీలోనే ఉందని ఆ పేజీ చదివి వినిపించాను. పై అధికారిని అడిగి చెబుతామన్నారు. చెప్పలేదు. రెండు వారాలయ్యాక ఒకావిడ, "మీ ఆసుపత్రికీ బీమా ఉంటుంది కదా, వాళ్లనే అడగండి" అన్నారు. ఆ మాటకు నా గొంతు పూడుకుపోయింది. ఆసుపత్రి లాయరు ముందు ఆసుపత్రిని కాపాడతాడు, తప్పదనుకుంటే వేలు నా వైపే చూపిస్తాడు. విడిగా పాలసీ తీసుకోమని మీ ఏజెంటు నాకు చెప్పిన కారణమే అది!

మీ అనుమతి లేకుండా నేను నోటీసుకు జవాబివ్వకూడదు, రాజీ పడకూడదు, మీ ఖర్చుతో లాయరును పెట్టుకోకూడదు. నిబంధనలు మీవే. నోటీసు గడువు 30 రోజులు, అందులో 7 మిగిలాయి. మీరు మాట్లాడరు, నన్ను మాట్లాడనివ్వరు. రాత్రి డ్యూటీలో ఇంజెక్షన్ మోతాదు రెండుసార్లు సరిచూసుకునే నేను ఇప్పుడు నాలుగుసార్లు చూసుకుంటున్నాను, అయినా చేయి ముందుకు సాగడం లేదు.

పైగా నాది, పాలసీ అమల్లో ఉండగా తెలిపిన క్లెయిములకే వర్తించే రకం. ఈ నెలాఖరుకు గడువు ముగుస్తుంది. తర్వాత "సకాలంలో నమోదు కాలేదు" అంటే ఊరుకోను. మొదటి రోజు ఈమెయిలే నేను మీకు తెలిపినదానికి రుజువు. నా మాట మీద మా వార్డులో ఆరుగురు మీ పాలసీలు తీసుకున్నారు. వాళ్లకు ఏం జవాబు చెప్పను?

రెండు రోజుల్లో క్లెయిమ్ నంబరు, నా తరఫున లాయరు, పేరు చెప్పి బాధ్యత తీసుకునే ఒక అధికారి కావాలి. లేకపోతే ఈ లేఖ, మీతో జరిపిన ఫోన్ల తేదీలు బీమా నియంత్రణ సంస్థకు, బీమా ఫిర్యాదులు విచారించే ఓంబుడ్స్‌మన్‌కు వెళతాయి.

ఈ వారమంతా నాకు రాత్రి డ్యూటీ. పగలు ఏ వేళలో ఫోన్ చేసినా తీస్తాను, నిద్రలో ఉన్నా సరే.

ఇట్లు,
మీ పాలసీదారు